ముందే చెప్పేసిన సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ ప్రభువు నామమున వందనాలు. నేను ఉద్దనపల్లి సుగుణమ్మను. గులాబీ తోటలో పూలు కట్టలు కట్టే షెడ్డులో పని చేస్తానని, స్త్రీల కూడికలో ప్రార్థన నడిపిస్తానని మీలో చాలామందికి తెలుసు. నాకు ఏడుస్తూ చెప్పడం చేతకాదు, మా ఆయన చనిపోయిన రోజు కూడా ఏడవలేదని ఊళ్ళో అనుకున్నారు, కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను, మధ్యలో హల్లెలూయ అనకండి, అంటే నాకు పాత అలవాటు మళ్ళీ వచ్చేస్తుంది. నా నోటి నుంచి దేవుడు నన్ను ఎట్లా విడిపించాడో, అది చెప్పడానికే పాస్టరు అయ్యగారిని అడిగి ఈ రోజు నిలబడ్డాను.

ఆరు నెలల కిందట నా కోడలు సలోమికి కృష్ణగిరి ఆసుపత్రిలో కాన్పయింది. సలోమిది ఊత్తంగరై. నా కొడుకు ప్రభాకర్ హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. వాళ్ళకు ఇది మొదటి బిడ్డ. ఆడపిల్ల అని నర్సమ్మ చెప్పింది గానీ, బిడ్డను వెంటనే నా చేతికివ్వలేదు. ఎందుకివ్వలేదో చూశాక తెలిసింది. ఎడమ పక్క పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది, ఆ సందులోంచి చిగురు ఎర్రగా కనిపిస్తోంది, ఏడ్చినప్పుడు లోపల అంగిలి కూడా తెరుచుకొని ఉంది. నేను బిడ్డను ఎత్తుకోలేదు. ముందు తువ్వాలు కొస లాగి ముఖం మీద కప్పాను. నా మనవరాలికి నేను చేసిన మొదటి పని అది.

డాక్టరమ్మ ఆ సాయంత్రమే మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి ఓపికగా చెప్పింది. కడుపులో బిడ్డ ముఖం మొదటి మూడు నెలల్లోనే తయారవుతుందట, రెండు పక్కల నుంచి పెరిగి వచ్చి మధ్యలో కలుసుకోవాలట, కొందరు బిడ్డలకు ఆ కలయిక పూర్తి కాదట, ఇందువల్లే అయిందని ఏ ఒక్కదాన్నీ వేలు పెట్టి చూపించలేమట, తల్లిని నిందించడానికి ఇందులో ఏమీ లేదట. మూడు నెలలు దాటి, బరువు ఐదు కిలోలకు వచ్చి, రక్తం సరిపడా ఉంటే పెదవికి ఆపరేషను చేస్తారని, ఏడాది అటూ ఇటూగా అంగిలికి చేస్తారని, ఆ తర్వాత చెవులు చూపించుకోవాలి, మాటలు నేర్పించాలి, పళ్ళ వరస సరిచేయించాలి అని చెప్పింది. ఇట్లాంటి బిడ్డలకు ఉచితంగా ఆపరేషను చేసే ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. అంతవరకు మీ పని ఒక్కటే, బిడ్డ కడుపులోకి పాలు పోనివ్వడం అని కూడా చెప్పింది. సలోమి ప్రతి మాటకూ తల ఊపింది. నాకు అప్పుడు ఒక్క మాట కూడా చెవికెక్కలేదు, ఇదంతా తర్వాత కోడలు చెబితే తెలుసుకున్నదే. మత్తూరులో మా చుట్టాలకు ఏమని చెప్పాలి, గుడిలో ఏమని చెప్పాలి అని ఆలోచిస్తున్నాను.

ఇంటికి వచ్చాక పక్కింటి నారాయణప్ప భార్య చూసిపోవడానికి వచ్చింది. వాళ్ళు టమోటా పండించే రైతులు, మంచివాళ్ళు. ఆమె గ్రహణం మొర్రి అంది, కడుపుతో ఉండగా గ్రహణం పూట కత్తి పట్టుకొని ఉంటుందని అంది. నేను గట్టిగానే జవాబిచ్చాను, మేము ప్రభువును నమ్ముకున్నవాళ్ళం, మాకు గ్రహణాలూ లేవు, దోషాలూ లేవు అని. ఆమెను అట్లా పంపించేసి, వంటింట్లోకి పోయి, కోడల్ని మెల్లగా అడిగాను, గ్రహణం నాడు ఏమైనా కోశావా అని. నేను అడగడం చూడండి. సలోమి నా ముఖంలోకి చూసి, "మునక్కాయలు కోసినాను అత్తా. మీరే కొయ్యమన్నారు" అంది. ఆ తర్వాత నేను గ్రహణం ఊసెత్తలేదు.

ఆ ఆదివారమే నేను ఈ గుడికి వచ్చాను. ప్రార్థన మనవులు ఉంటే చెప్పమని అయ్యగారు అడిగారు. మీకు గుర్తుండే ఉంటుంది, నేను లేచి నిలబడి మనవి చెప్పలేదు, సాక్ష్యం చెప్పాను. నా మనవరాలి పెదవి చీలి ఉంది, దానికి కత్తి తగలదు, నా దేవుడే అతికిస్తాడు, అతుక్కున్న ముఖంతోనే ఆ బిడ్డను ఈ గుడిలోకి తెస్తాను, అంతవరకు తీసుకురాను, ఆ రోజే పేరు పెట్టిస్తాను అని గొంతెత్తి చెప్పాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ముసలమ్మలు వచ్చి నా చేతులు పట్టుకొని కళ్ళకద్దుకున్నారు. నిజం చెబుతున్నాను, నాకు చాలా బాగుండింది. సిగ్గుతో తల వంచుకొని వచ్చినదాన్ని, తల ఎత్తుకొని ఇంటికి పోయాను.

మన దగ్గర ఇది ఉన్నదే. దేవుడు చేసిన తర్వాత చెప్పవలసినదాన్ని, చేయకముందే చెప్పేస్తాం, చెప్పేస్తే ఆయన కాదనలేడు అన్నట్టు. విశ్వాసంతో అడగడం వేరు. నేను చేసినది అది కాదు. దేవునికి తేదీ ఇచ్చి, పని ఎట్లా చేయాలో కూడా చెప్పి, జనాన్ని సాక్షులుగా పెట్టుకున్నాను.

ఇక ఇంట్లో సంగతి. బిడ్డ పాలు తాగలేదు. రొమ్ము అందుకుంటుంది గానీ పీల్చలేదు, అంగిలి మూసుకొని లేదు కాబట్టి నోట్లో పట్టు చిక్కదు. ఆసుపత్రిలో నర్సమ్మ సలోమికి నేర్పించి పంపింది, పాలు పిండి, బిడ్డను నిటారుగా కూర్చున్నట్టు పట్టుకొని, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పెదవి బాగున్న పక్క పోయాలి, నడుమ నడుమ భుజాన వేసుకొని గాలి పోనివ్వాలి, పట్టిన తర్వాత కూడా కాసేపు పడుకోబెట్టకూడదు అని. అట్లా పడితే ఒక్కోసారి గంట పట్టేది. నాకు ఓపిక లేదు. నేను ముగ్గురు బిడ్డల్ని పెంచినదాన్ని, కాళ్ళు చాపుకొని, కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నె వంచితే నిమిషంలో కడుపు నిండేది, నా బిడ్డలకు నిండింది. నేను పట్టినప్పుడల్లా పాలు ముక్కులోంచి వచ్చేవి, బిడ్డ ఉక్కిరిబిక్కిరి అయ్యేది, నేను ముక్కు తుడిచి మళ్ళీ పోసేదాన్ని. సలోమి వద్దనేది. నిన్న మొన్న తల్లివైనదానివి నాకు నేర్పిస్తావా అనేదాన్ని.

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ నేనే దాచాను. నా పాటల పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పెట్టాను. ప్రభాకర్ అడిగితే, ఆపరేషను మాట ఎత్తడమే అవిశ్వాసం, నీ అవిశ్వాసం వల్ల బిడ్డకు అడ్డం పడకు అన్నాను. వాడు షిఫ్టు నుంచి వచ్చి, తల్లి మాట దాటలేక, భార్య ముఖం చూడలేక, బిడ్డ పక్కన కూర్చొని కూర్చొని నిద్రపోయేవాడు. అంగన్‌వాడీలో తూకం వేసే నర్సమ్మ కార్డు చూపించి, పుట్టినప్పుడు రెండున్నర కిలోలున్న బిడ్డ రెండు నెలలకు మూడు కిలోలు కూడా దాటలేదు, ఆసుపత్రికి తీసుకుపోండి అని తమిళంలో రెండుసార్లు గట్టిగా చెప్పింది. నేను ప్రార్థన చేస్తున్నాం అన్నాను. చేయండి, తీసుకుపోయి కూడా చేయండి అంది ఆమె. నాకు కోపం వచ్చింది. అయ్యగారు బిడ్డను చూడటానికి ఒకసారి మా ఇంటికి వచ్చారు. నిద్రపోతోందని చెప్పి గడప బయటే ప్రార్థన చేయించుకొని పంపాను.

ప్రతి ఆదివారం మీరు అడిగేవాళ్ళు, పెదవి ఎట్లా ఉంది సుగుణమ్మా, అతుక్కుందా అని. మొదట్లో అతుక్కుంటుంది అనేదాన్ని. తర్వాత, కొంచెం దగ్గరికి వచ్చింది అక్కా అని చెప్పాను. సహోదరీలారా, ఒక్క నూలు పోగంత కూడా దగ్గరికి రాలేదు. అది అబద్ధం. ఆ అబద్ధం విని మీరు మోకరించి స్తోత్రాలు చెల్లించారు. మత్తూరులో ఇంటి కూడికకు పిలిచి నా చేత చెప్పించుకున్నారు, అక్కడ కూడా చెప్పాను. ఒక్కో చోట చెప్పేకొద్దీ బిడ్డను ఇంకాస్త లోపలి గదిలో పెట్టవలసి వచ్చింది.

రెండున్నర నెలల బిడ్డగా ఉన్నప్పుడు, ఒక సోమవారం మధ్యాహ్నం, సలోమి స్నానానికి పోయింది. బిడ్డ ఆకలికి ఏడుస్తోంది, ఏడవడానికి కూడా శక్తి లేని ఏడుపు. నేను కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నె వంచాను. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గు రాలేదు. పెదవులు నీలమయ్యాయి, చేతులు వేలాడిపోయాయి. నేను యేసయ్యా యేసయ్యా అని అరుస్తున్నాను గానీ బిడ్డను ఎత్తలేదు, చేతులు కదల్లేదు. సలోమి తడి జుట్టుతో వచ్చి, నా కాళ్ళ మీది నుంచి బిడ్డను లాక్కొని, ముంజేతి మీద బోర్లా వేసుకొని, తల కిందికి వంచి, వీపు మీద అరచేత్తో తట్టింది. పాలు పడ్డాయి. బిడ్డ ఊపిరి పీల్చిన శబ్దం వచ్చింది, కానీ గరగరమంటూనే ఉంది.

నారాయణప్ప రాయకోట మార్కెట్టుకు టమోటా పెట్టెలు ఎక్కించుకుంటున్నాడు. మా అరుపులు విని వచ్చి చూసి, ఎక్కించిన పెట్టెలన్నీ దించేసి, అదే బండిలో మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు. గ్రహణం అన్నందుకు నేను రెండు నెలలుగా ఆ ఇంటివాళ్ళతో మాట్లాడటం లేదు. దారిలో ఆయన ఒకే మాట అన్నాడు, "భయపడొద్దమ్మా, ఊపిరి వినిపిస్తా ఉండాది గదా" అని.

పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసిందని చెప్పారు. బిడ్డ ముక్కులో గొట్టం, చేతికి సూది, గొట్టంలోంచే పాలు. మమ్మల్ని గాజు తలుపు బయట బెంచీ మీద కూర్చోమన్నారు. రెండో రోజు పగటిపూట, నేను పైకే ప్రార్థన చేస్తున్నాను. ఏమని చేశానో ఇప్పటికీ మాట మాట గుర్తుంది. "తండ్రీ, నన్ను సిగ్గుపడనియ్యకు. నేను సంఘం ముందర నీ పేరు పెట్టి మాటిచ్చినాను. నా మాట నేలపాలు కానియ్యకు. నా నోట చెప్పినది నెరవేర్చు తండ్రీ" అని. ఊపిరి తీసుకోవడానికి ఆగాను. పక్కన సలోమి కూడా ప్రార్థన చేస్తోంది. ఆమె ప్రార్థన చిన్నది. "దేవా, నా బిడ్డకు పాలు దిగనియ్యి" అంటోంది, అంతే, అదే మళ్ళీ మళ్ళీ అంటోంది.

సహోదరులారా, నా ప్రార్థనలో నేను ఎన్నిసార్లు ఉన్నానో అప్పుడు నాకు వినిపించింది. బిడ్డ ఒక్కసారి కూడా లేదు. నలభై ఏళ్ళుగా ప్రార్థన చేస్తున్నదాన్ని, ఇతరులకు నేర్పించినదాన్ని, గొట్టాలు పెట్టుకొని పడి ఉన్న పసిబిడ్డ పేరు మీద నా పరువు కోసం ప్రార్థన చేస్తున్నాను. నేను నోరు మూసుకున్నాను. సలోమి కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఆమె ఎప్పుడూ నాకు ఎదురు మాట్లాడే పిల్ల కాదు. ఆ రోజు నింపాదిగా, గొంతు పెంచకుండా అంది.

"మాటిచ్చినది మీరు అత్తా. ఆకలి మాత్రం దానిది. చీటీ యాడ పెట్టినారో చెప్పండి."

నాకు కోపం రాలేదు. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. రెండు నెలల్లో మొదటిసారి ప్రాణం తేలికైంది. దేవుడు నన్ను విడిపించిన ఘడియ ఏదని ఎవరైనా అడిగితే అదే అని చెబుతాను. మెరుపు లేదు, స్వరం లేదు, కోడలు చీటీ అడిగింది. ట్రంకుపెట్టెలో, పాటల పుస్తకంలో ఉందని చెప్పాను. ప్రభాకర్‌కు ఫోన్ చేసి నేనే చెప్పాను, తీసుకొని రారా, నేను దాచినాను అని. వాడు "వస్తున్నానమ్మా" అన్నాడు.

తొమ్మిది రోజులకు బిడ్డ తేరుకుంది. ఆ తొమ్మిది రోజుల్లో అక్కడి నర్సమ్మ నాకు పాలు పట్టడం నేర్పించింది. నా చేతులు ఆమె పట్టుకొని, బిడ్డ తలను ఎట్లా ఆనించాలి, గిన్నె ఎంత వంచాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ చూపించింది. మొదటి రోజు నేను సగం ఒలకబోశాను. ఇన్నేళ్ళ వయసులో ఒకరి ముందు కూర్చొని ఇది నేర్చుకోవడం నాకు కష్టంగానే ఉండింది, కానీ బిడ్డ మింగిన శబ్దం గుటుక్కుమని వినిపించినప్పుడు ఆ కష్టం ఏమీ అనిపించలేదు. షెడ్డులో పని సగం పూటకు మార్పించుకున్నాను. పొద్దున సలోమి, మధ్యాహ్నం నుంచి నేను, సెలవు రోజుల్లో ప్రభాకర్. వారానికి నూటయాభయ్యో రెండొందలో గ్రాములు పెరిగింది. మూడో నెల దాటగానే జరగవలసిన ఆపరేషను ఆరో నెలకు పోయింది. మధ్యలో ఆ రెండు మూడు నెలలు బిడ్డ దగ్గర నేను తీసుకున్నవి. ఆపరేషను చేసే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆలస్యం ఎందుకైందని అడిగారు. నా వల్ల అని చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, రాసుకొని, ఇప్పుడు వచ్చారు గదమ్మా అన్నారు.

పోయిన వారం అయ్యగారి ఇంటికి పోయి ఇదంతా చెప్పాను. ఆయన బిడ్డ ముఖం చూడకుండా చప్పట్లు కొట్టించిన తప్పు తనది కూడా అన్నారు. సంఘానికి తాను చెబుతానన్నారు. వద్దు అయ్యగారూ, అబద్ధం చెప్పిన నోరు నాది, నేనే చెబుతాను అన్నాను.

అందుకే నిలబడ్డాను. పెదవి దగ్గరికి వచ్చింది అని మీకు చెప్పినది అబద్ధం. దేవుని పేరు పెట్టి చెప్పాను. నన్ను క్షమించండి. మత్తూరుకు కూడా పోయి చెప్పి వస్తాను.

ఎల్లుండి, మంగళవారం, బిడ్డకు పెదవి ఆపరేషను. పొద్దున కొన్ని గంటలు పాలు పట్టకూడదట, మత్తు ఇస్తారు కాబట్టి. పెద్దవాళ్ళం మనం ఉపవాసం ఉన్నామని చెప్పుకుంటాం, ఆ రోజు ఉపవాసం ఉండేది బిడ్డ. ఆపరేషను ఎట్లా జరుగుతుందో నేను చెప్పను. బాగా జరగాలని అడుగుతున్నాను, మీరు కూడా నాతో కలిసి అడగండి, అంతే. కత్తి పట్టే ఆ డాక్టరు చేతిని కూడా దేవుని చెయ్యిగానే నమ్ముతున్నాను. తర్వాత అంగిలి ఉంది, మాటలు ఉన్నాయి, చాలా ఏళ్ళ పని ఉంది. జరిగినప్పుడు జరిగినది వచ్చి చెబుతాను.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఇట్లా ముఖం కప్పి లోపలి గదిలో పెట్టిన బిడ్డ ఉంటే, ఇది మీకు చెబుతున్నాను. దేవుణ్ణి నమ్మండి, నమ్మి బిడ్డను తలుపు బయటికి తీసుకురండి, ఆసుపత్రికి తీసుకుపోండి, దారి తెలియకపోతే నన్ను అడగండి, నేను వెంట వస్తాను. ఆయన మన పరువు కాపాడటానికి రాలేదు. పాలు దిగని గొంతు దగ్గరికి వస్తాడు. అది నా కళ్ళతో చూశాను.

బిడ్డను అతుక్కున్న ముఖంతోనే తెస్తానని ఇక్కడ చెప్పాను. ఆ మాట ఈ రోజు కావాలనే తప్పుతున్నాను. ఆరాధన మొదలైనప్పటి నుంచి మీరు వెనక వరసకు తిరిగి తిరిగి చూస్తున్నారు, నాకు కనిపిస్తూనే ఉంది. అది నా మనవరాలే. పొద్దున బస్సులో కూడా ముఖం కప్పకుండానే తెచ్చాం. వాళ్ళమ్మ పెట్టుకున్న పేరు మెర్సీ. అయ్యగారు ఇప్పుడు ఈ ముఖంతోనే ఆ పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. సలోమీ, తీసుకొని రామ్మా. పిల్లలు దగ్గరికి రావాలంటే రండి, భయపడవలసినది ఏమీ లేదు. బిడ్డకు పాల వేళయింది, ప్రార్థన అయ్యాక నేను ఇక్కడే, ఈ కుర్చీలోనే, మీ అందరి ముందు కూర్చొని పడతాను. మొదట్లో కొంచెం ముక్కులోంచి వస్తాయి, తుడుస్తాను. తర్వాత దిగుతాయి. దేవునికే మహిమ.